పావు కలిపే బాబాయి

ఏ పనైనా మూడు గంటలు దాటి ఆగకుండా సాగితే, దానికి పావువంతు అదనంగా కలుపుకోవాలని నమ్మే మనిషి ఆమె బాబాయి. వాళ్లిద్దరూ పనిచేసేది ఒక్క చోటే: ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ల దిండుగలీబులు ఉతికే పెద్ద లాండ్రీలో. ఆమె ఇస్త్రీ విభాగానికి సూపర్‌వైజరు. ఆయన కరెంటు మేస్త్రీ. అక్కడ ఆయనకు పెట్టిన పేరు పావు బాబాయి. ఆయనకూ ఆ పేరంటే ఇష్టమే.

కరెంటు పనిలో అది నిజంగానే ఉన్న నియమం. ఆగకుండా మూడు గంటలో ఆపైనో నడిచేవాటికి, అవి లాగే కరెంటు మీద పావువంతు కలిపి బ్రేకరు సైజు లెక్క కట్టాలి. కాసేపు నడిచి ఆగేవాటికి ఉన్న లెక్క చాలు. ఎడతెగకుండా మోస్తే బ్రేకరు కూడా వేడెక్కి, అవసరం లేనప్పుడు పడిపోయి కరెంటు ఆపేస్తుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అల్లా, బాబాయి ఆ నియమాన్ని బోర్డులో పెట్టి మూత బిగించి రాకుండా, చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడంతోనే.

ఆయనతో పోట్లాడటం కూడా చేతకావడం లేదని పిన్ని వాపోయేది. తగాదా మంచి రసపట్టులో ఉండగా ఆయన చెయ్యెత్తి, ఇది ఎంతసేపు నడుస్తుందో చెప్పమనేవాడట. మూడు గంటలు దాటేదైతే ముందే పావువంతు ఎక్కువ తిని వచ్చి కూర్చుంటానని. పిన్నికి నవ్వొచ్చేది. నవ్వొచ్చాక కోపం కొనసాగించడం ఎవరి తరం?

ఒకసారి పిన్ని తమ్ముడు పెట్టె పట్టుకుని దిగాడు. గడప దాటకముందే బాబాయి అడ్డం నిలబడి ఆప్యాయంగా అడిగాడు.

"బావా, కాసేపుండి వెళ్తావా, ఆగకుండా ఉంటావా?"

ఆ బావమరిది మనసు కష్టపెట్టుకుని, పంతానికి నెల్లాళ్లు ఉండిపోయాడు. పిన్ని అన్నం వారుస్తూ, పావు కాదు, సగం కలపాల్సిందని గొణుక్కుంది.

లెక్క విషయంలో మాత్రం ఆయనకు అయినవాళ్లూ కానివాళ్లూ లేరు. పిన్ని కొత్త నీళ్ల హీటరుకు సరిపడా తీగ లేదని, అది వేయించేదాకా ఆవిడ చేత పొయ్యి మీదే నీళ్లు కాయించాడు. లెక్క వంచడమంటే ఆయనకు అబద్ధపు సాక్ష్యంతో సమానం.

ఆ రోజు బాబాయి కొత్త ఇస్త్రీ గదికి లోడు లెక్క కట్టడానికి వచ్చేసరికి, ఆమెకు నవ్వే ఓపిక లేదు. అంతకుముందే మేనేజరు గదిలోంచి వచ్చింది. ఇస్త్రీ బల్లల దగ్గర ఆడవాళ్లు పొద్దున్న నిలబడితే భోజనాలకే కూర్చోవడం, మళ్లీ నిలబడితే సాయంత్రానికే. వాళ్లలో వయసులో పెద్దదని అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ కాళ్లు చెప్పుల్లో పట్టనంతగా వాచిపోతున్నాయి. ఇలాగే ఉంటే పని మానేస్తానంటోంది. మానేస్తే ఆ ఇల్లు గడవదు. పూటకోసారి కాసేపు కూర్చోనివ్వమని ఆమె అడగడం కొత్త కాదు, మేనేజరు కాదనడమూ కొత్త కాదు. కూర్చోవడం అలవాటైతే లేవడం మరిచిపోతారని ఈసారి కారణం కూడా చెప్పాడు. యంత్రానికి విశ్రాంతి ఇస్తే దాన్ని జాగ్రత్త అంటారు, మనిషి అడిగితే బద్ధకం అంటారు. ఆ మాట ఆయన మొహం మీదే అనాలనుకుని, అలసటకు అనలేక వచ్చేసింది.

బాబాయి నిచ్చెన దిగి, అలవాటు ప్రకారం అడిగాడు.

"ఎంతసేపమ్మా?"

"పొద్దున్నించి భోజనాల దాకా, బాబాయ్. ఇస్త్రీ పెట్టెలు ఆపేది లేదు."

"పెట్టెలు సరే. మీరెంతసేపు నిలబడతారు?"

ఈయనకు చాదస్తం ముదిరిందనుకుంది. అయినా చెప్పింది. పెద్దక్క కాళ్ల సంగతీ చెప్పింది. బాబాయి పెద్దక్క వైపు చూడను కూడా చూడలేదు. గోడలోకి వెళ్లే తీగను చూసి, పెదవులు కదుపుతూ లెక్కలు వేసుకుని, మేనేజర్ని పిలిపించాడు.

దీపాలు, గాలి బయటికి లాగే ఫ్యాన్లు ఎనిమిది ఆంపియర్లు; అవి రోజంతా ఆగవు కాబట్టి పావు కలిపితే పది. నాలుగు ఇస్త్రీ పెట్టెలు ఇరవై. అవీ ఆగకపోతే ఇరవై అయిదు. వెరసి ముప్ఫై అయిదు. ఉన్న బ్రేకరు ముప్ఫై రెండుది, గోడలో తీగ దానికి మించి మోయదు. ఈ లెక్క చెప్పి, గోడ పగలగొట్టి లావు తీగ లాగాలన్నాడు బాబాయి.

బయట దుప్పట్ల మూటలు నడవా దాకా పేరుకుపోయాయి. గోడ అనగానే మేనేజరు మొహం వాడిపోయింది. వేరే దారి లేదా అని నీరసంగా అడిగాడు.

ఉందన్నాడు బాబాయి, చెప్పడం ఇష్టం లేనట్టు. మూడు గంటలు నిండకముందే పెట్టెలు ఆపి చల్లారనిస్తే వాటికి పావు కలపక్కర్లేదు. ఇరవై ఇరవైగానే ఉంటుంది, మొత్తం ముప్ఫైకి దిగుతుంది. ఉన్న బ్రేకరుతోనే గది నడుస్తుంది.

"అయితే ఆపండి. గోడ కంటే అదే నయం," అన్నాడు మేనేజరు. అంతలోనే ఆయనకు మేనేజరు బుద్ధి పుట్టింది. "ఆ టైములో వీళ్లు మడతలు పెట్టొచ్చుగా?"

"మడతలు పెట్టేదీ ఆ బల్ల మీదే కదండీ. బల్లకీ గాలి తగలాలి."

"ఎంతసేపు చల్లారాలి?"

"గడియారం చూసి చెప్పేది కాదండీ అది. చెయ్యి పెట్టి నేనే చెప్తాను."

మర్నాటినుంచి పూటకోసారి పెట్టెలు ఆగాయి. ఆడవాళ్లు దుప్పట్ల మూటల మీద చతికిలబడ్డారు. పెద్దక్క మొహమాటంగా ఒక కాలు చాపుకుంది. సూపర్‌వైజరైన ఆమె కూడా కూర్చుంది కానీ, ఏదో లెక్క తేలనట్టు ఉంది. మళ్లీ పని మొదలయ్యాక తన బల్ల మీది పెట్టెనే చూస్తూ నిలబడింది. దాని పిడి కింద చిన్న ఎర్రదీపం వెలుగుతోంది, ఆరుతోంది. వేడి చాలగానే పెట్టె దానంతట అదే కరెంటు ఆపుకుంటోంది.

బాబాయి బోర్డు తుడుస్తుంటే వెళ్లి పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"బాబాయ్, ఈ పెట్టె క్షణానికోసారి ఆగుతూనే ఉంది కదా. ఆగకుండా మూడు గంటలు ఎప్పుడు లాగింది? దీనికి పావు ఎందుకు కలిపినట్టు?"

ఆయన తుడవడం ఆపలేదు.

"పిన్నికి చెప్పకు. హీటరు సంగతి మళ్లీ మొదలెడుతుంది."

"నువ్వు లెక్క వంచావా?"

"పెట్టెని ఆపే మీట పెట్టెలోనే ఉందమ్మా. మిమ్మల్ని ఆపే మీట మేనేజరు చేతిలో ఉంది. ఆయనకు మనుషుల లెక్క అర్థం కాదు, ఆంపియర్లయితే భయం."

చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వు వచ్చింది.

మధ్యాహ్నం విరామంలో మేనేజరు గుమ్మంలోకి వచ్చి, ఇంకా ఎంతసేపని చూపుతోనే అడిగాడు. మూటల మీద ఉన్నవాళ్లు లేవబోయారు. బాబాయి వాళ్లను చేత్తోనే వారించి, మంచుముద్దలా చల్లబడి ఉన్న పెట్టె మీద అరచెయ్యి వేసి, కళ్లు మూసుకుని, చాలా గంభీరంగా తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా కాలుతోందండీ."

మేనేజరు తలుపు చప్పుడు కాకుండా చేరవేసి వెళ్లిపోయాడు. పెద్దక్క రెండో కాలు కూడా చాపుకుంది.