పెట్రోలు పిరమైన యాడాది

తొంభయిల నేను గోదావరిఖని చౌరస్తా నుంచి రామగుండం రైలు స్టేషన్ దాక షేర్ ఆటో నడిపేటోణ్ణి. ముగ్గురు కూసోవాల్సిన బండిల ఆరుగురిని ఎక్కిచ్చుకునేటోణ్ణి. షిఫ్టు దిగి మసి మొఖాలతోని వచ్చే బొగ్గుబాయి కార్మికులు, దవాఖానకు పోయే ఆడోళ్ళు, రైలు అందదేమోనని ముందుకు ఒంగి కూసునేటోళ్ళు, వీళ్ళే మా గిరాకి. మాది కమాన్‌పూర్ దిక్కు పల్లె. మేము చిన్నగున్నప్పుడే మా నాయిన పోయిండు. అవ్వ ఖనికి వచ్చి కూరగాయలు అమ్ముకుంట నన్నూ తమ్ముణ్ణీ సాదింది.

తమ్ముడు నా ఆటో మీదనే డ్రైవింగ్ నేర్చుకున్నడు. తర్వాత లారీ పట్టిండు, అటెనుక కువైట్ పోయిండు. అక్కడ ఒక సేఠ్ దగ్గర రొట్టెల వ్యాను నడిపేటోడు. ఉత్తరాలు రాసుడు వానికి చాతకాదు. క్యాసెట్ల మాట్లాడి, ఊరికొచ్చేటోళ్ళ చేతుల పంపేటోడు. "అన్నా, ఈడ నీళ్ళు కొనాలంటే ఆలోచన చేస్త గని పెట్రోలు పోయించాలంటే చెయ్య. గంత అగ్గువ" అని ఒక క్యాసెట్ల పకపక నవ్విండు. అవ్వ ఆ క్యాసెట్‌ను పక్కింట్ల పెట్టిచ్చుకొని మళ్ళ మళ్ళ వినేది. ఆమెకు పెట్రోలు సంగతి అక్కరలేదు. వాని నవ్వు వినపడితే చాలు.

ఆ వానకాలం ఇరాక్ ఫౌజు కువైట్ మీద పడ్డది. వార్త విన్ననాడు నేను ఆటో పక్కకు ఆపిన. తమ్ముడు ఉండే ఇంటికి ఫోను లేదు, మాకూ లేదు. ఎవర్ని అడగాలెనో తెల్వదు. అవ్వతోని "ఆడ ఏదో గడబిడ అయితుందట, వాళ్ళ సేఠ్ చూసుకుంటడు" అని చెప్పిన. ఆమె నా మొఖం దిక్కు చూసింది. కూరగాయల గంప ఎత్తుకొని మార్కెట్‌కు పోయింది.

చౌరస్తాల మా ఆటోలు బాగు చేసే మెకానిక్ ఉండె. ముసలాయన. మేమందరం చాచా అనేటోళ్ళం. ఆయన షెడ్డుల ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. బయటి దేశం నుంచి వచ్చే ఉర్దూ వార్తలు దాంట్ల వినేటోడు. నేను రోజూ ఆ వార్తల టైముకు బండి తీసుకొని షెడ్డుకు పోయేది మొదలువెట్టిన. ప్లగ్గు చూడుమనో, క్లచ్చు తీగ బిగించుమనో ఏదో ఒకటి చెప్పేటోణ్ణి. బండికి ఏం రోగం లేదని చాచాకు తెలుసు. అయినా రెంచీ పట్టుకొని దాని దగ్గర కూసునేటోడు.

"ఏమన్నడు చాచా?"

"హిందుస్తానోళ్ళను తీసుకొస్తున్నరట బేటా. హవాయి జహాజుల మీద జహాజులు, ఇమానాలు. ఫికర్ చెయ్యకు."

నాకు ఉర్దూ అంతో ఇంతో వచ్చు. ఎడారిల డేరాలని, తాగనీకి నీళ్ళు లేవని, జనం రోడ్ల పొంటి పడున్నరని రేడియోల వస్తుంటే చాచా చెయ్యి మెల్లగ పోయి దాని గొంతు తగ్గిచ్చేది. "సెల్లు వీకైంది" అనేటోడు. నేను కూడ అవునన్నట్టు తలకాయ ఊపేటోణ్ణి.

దసరా దాటింది. తమ్ముని జాడ లేదు. కువైట్ నుంచి గాళ్ళ ఊరోడు వచ్చిండట, వీళ్ళ ఊరోడు వచ్చిండట అని వినబడేది. నేను బండేసుకొని పోయి వాళ్ళను కలిసేటోణ్ణి. ఎవ్వలకూ మావోడు తెల్వదు.

గట్లున్నప్పుడే పెట్రోలు ధర పెరిగింది. ఎప్పుడూ పెరిగినట్టు పైసా పైసా కాదు, ఒక్కసారే అందరు నోరు తెరిచేటంత పెరిగింది. పొద్దుగాల బంకుకు పోతే, ఇంకా పెరుగుతదేమోనని లైను రోడ్డు దాక ఉన్నది. డబ్బాలు పట్టుకొని వచ్చినోళ్ళు, స్కూటర్లు పక్కకు ఒంచి అడుగు చుక్క దాక వాడుకొని వచ్చినోళ్ళు, ఒగలమీద ఒగలు కేకలు.

స్టేషన్ అడ్డా మీద మాకందరికీ పెద్ద దిక్కు ఒకాయన ఉండె. వరుసకు ఎవ్వలకేం గాడు గని అందరం బావా అనే పిలిచేటోళ్ళం. గొంతు పెద్దది, కోపం ముక్కు మీదనే. ఆ రోజు ఆటో టాపు మీద గుద్ది అడిగిండు: "ఎక్కడనో ఇద్దరు కొట్టుకుంటే నా జేబుకెందుకు చిల్లువడాలె? నాకూ కువైట్‌కూ ఏం సంబంధం?"

రైలు కోసం వచ్చిన ఒక సారు, బడిల పాఠాలు చెప్పేటాయన, నిమ్మళంగ చెప్పిండు. "మన దేశంల తీసే నూనె మనకు సరిపోదు. తక్కువపడేదాంట్ల శానా మట్టుకు ఆ దిక్కు నుంచే ఓడలల్ల వస్తది. ఆడ యుద్ధమైతే అమ్మేటోడు రేటు పెంచుతడు. కొనేదానికి డాలర్లు కావాలె, మన సర్కారు దగ్గర గవ్వి తక్కువున్నయి. ఆ బరువు తిరిగి తిరిగి మీ ట్యాంకుల పడ్డది."

"సమజైంది సారూ" అన్నడు బావ. "గని నేను ఈ ముచ్చట షిఫ్టుకు పోయేటోనికి చెప్పి కిరాయి పెంచుమంటే, వాడు ఇంటడా?"

వినలేదు. చారాణ ఎక్కువియ్యుమంటే ప్రతి ట్రిప్పుకూ లొల్లే. "నీకు పెట్రోలు పెరిగింది, మాకు జీతం పెరిగిందా?" అని ఒక ముసలి కార్మికుడు నా అంగి పట్టుకున్నంత పని చేసిండు. ఆయన అన్నదీ నిజమే, మా బాధా నిజమే. కొందరు డ్రైవర్లు పెట్రోల్ల గ్యాస్‌నూనె, గదే కిరసనాయిలు, కలుపుడు షురూ చేసిన్రు. చౌరస్తంత తెల్ల పొగ. ఇంజన్లు జాం అయి షెడ్డుకొస్తే చాచా తిట్టుకుంటనే బాగు చేసేటోడు.

అడ్డా మీద పొద్దుందాక ఇదే ముచ్చట. ఒకడు సర్కారును తిట్టేది, ఒకడు ఇరాక్‌ను తిట్టేది, ఒకడు బంకు సేఠ్‌ను తిట్టేది. నేనొక్కణ్ణే నోరు తెరవకపోయేది. నాకూ కడుపు మండేది, ఎందుకు మండది? గని పెట్రోలు అని ఎవరన్నంగనే నాకు ఎడారి కండ్లల్ల తిరిగేది.

ఒకనాడు బావకు కోపమొచ్చింది. "ఏందిరా, నీకేం పట్టదా? నీ బండి నీళ్ళతోని నడుస్తుందా?"

"తమ్ముడు కువైట్ల ఉన్నడు బావా" అన్న. "రెండు నెలలు దాటింది. ఏం తెలుస్తలేదు."

"మరి చెప్పవేందిరా ఇన్నొద్దులు" అని, బావ నా పక్కకొచ్చి కూసొని చాయ్ తెప్పిచ్చిండు. తాగినంక కూడ లేవలే. ఆ రోజు నుంచి అడ్డా మీదికి నేను పోంగనే మొదలు తమ్ముని ముచ్చటే అడిగేటోళ్ళు. పెట్రోలును తిట్టుడు ఆగలే గని, నేనుంటే జర గొంతు తగ్గిచ్చి తిట్టేటోళ్ళు.

కిరాయి సంగతి తేలక ఆటోలన్నీ ఒక రోజు బంద్ పెట్టాలని అనుకున్నం. స్టేషన్ దిక్కు ఒక్క బండి కదలకుండ చూసుడు బావ పని. చౌరస్తా చూసుకునుడు మాది. బంద్ నాడు పొద్దుగాల రోడ్డు ఎన్నడూ లేనట్టు ఖాళీగ ఉన్నది. కార్మికులు మమ్ముల తిట్టుకుంట నడిచిపోతున్నరు. బస్సులల్ల కాలు పెట్ట సందు లేదు.

మధ్యాహ్నం దగ్గరవడుతుంటే స్టేషన్ దిక్కు నుంచి ఒక ఆటో వస్తున్నది. హారన్ కొట్టుకుంట, ఆగకుండ వస్తున్నది. దగ్గరికొచ్చినాక చూస్తే బావ బండి! మాకు ఒళ్ళు మండింది. మమ్ముల ఆపి తను కిరాయి కొట్టుకుంటడా? నేనే మొదలు రోడ్డు నడుమకు పోయి రెండు చేతులు చాపి నిలవడ్డ.

బండి నా ముంగట ఆగింది. బావ తలకాయ బయటికి పెట్టి అరిచిండు. "పక్కకు జరుగురా! నీ కోసమే ఒకణ్ణి తెచ్చిన!"

ఎనుక సీట్ల నుంచి ఒక మనిషి దిగిండు. గడ్డం పెరిగి, దవడలు లోపలికి పోయి, ఎవ్వలదో పెద్ద అంగి తొడుక్కొని ఉన్నడు. చేతుల ఒక చిన్న బ్యాగు. నేను గుర్తుపట్టలే. "అన్నా" అన్నడు. ఆ గొంతు గుర్తువట్టిన.

నా చేతులు ఇంకా బండిని ఆపినట్టే గాల్ల ఉన్నయి. తమ్ముడే వచ్చి ఆ చేతులను కిందికి తీసుకున్నడు.

స్టేషన్ల ఏం జరిగిందో బావ ఆయాసపడుకుంట చెప్పిండు. రైలు దిగిన తమ్ముడు ఆటోల దగ్గరికి పోతే బంద్ ఉన్నదన్నరట. వీడు బ్యాగు భుజానికేసుకొని ఖని దిక్కు నడుసుడు మొదలువెట్టిండట. బావ ఉత్తగనే అడిగిండట, ఎక్కడినుంచి వస్తున్నవని. "కువైట్ నుంచి. మా అన్న చౌరస్తాల ఆటో నడుపుతడు" అన్నడట. "ఇగ బంద్ లేదు గింద్ లేదు, బండెక్కుమన్న" అన్నడు బావ. దారిల రెండు దగ్గర్ల మావోళ్ళే రాళ్ళు పట్టుకొని ఆపిన్రట. రెండు దగ్గర్లా బావ ఒకటే జవాబు చెప్పిండట, కువైట్ పిలగాడు వచ్చిండని. ఆపినోళ్ళే పక్కకు జరిగి దారిచ్చిన్రట.

మా ఇంటిదాక బావనే తెచ్చిండు. ఎనుక నాలుగైదు బండ్లు వచ్చినయి. బంద్ సంగతి ఎవ్వలకూ యాదికి లేదు. అవ్వ అప్పుడే మార్కెట్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నది. వాణ్ణి చూసి చెంబు కింద పెట్టింది. ఏడ్వలే. దగ్గరికి పిలిచి, చిన్నపిల్లగాణ్ణి చూసినట్టు చేతులూ కాళ్ళూ తడిమి చూసింది. అన్ని సక్కగనే ఉన్నయని తెలిసినంక అక్కడనే కూలవడ్డది. అప్పుడు ఏడ్సింది.

తమ్ముడు మెల్లమెల్లగ చెప్పిండు. సేఠ్ పారిపోయిండట. రొట్టెల వ్యానుల పదిమందికి మించి ఎక్కి, ఇరాక్ మీదికెల్లి ఎడారి దారి పట్టిన్రట. దారిల పెట్రోలు దొరకక వ్యాను నూకిన్రట. "నూనె బావులున్న దేశంల అన్నా" అని తలకాయ ఊపిండు. ఆఖరికి వ్యాను ఇడిసిపెట్టి, జోర్డాన్ సరిహద్దుల డేరాలల్ల ఉండి, జరం వచ్చి ఎనుక పడ్డడట. వంతు వచ్చినంక విమానంల బొంబాయి చేరిండట. సూట్‌కేసు, అవ్వకు కొన్న చీర, అన్ని ఆ వ్యానులనే పోయినయి.

"పోనీతీ. పాడైపోనీ" అన్నది అవ్వ.

చాచా వచ్చిండు. తమ్ముని నెత్తి మీద చెయ్యి పెట్టి ఏదో చదివిండు. తర్వాత నా దిక్కు తిరిగి, "రేడియోల శానా చెప్పినరు బేటా. నేను నీకు అన్ని చెప్పలే" అన్నడు.

"నాకు ఉర్దూ వచ్చు చాచా" అన్న. ఇద్దరం నవ్వినం. నవ్వుతుంటే నాకు కండ్లల్ల నీళ్ళు ఆగలే.

మరునాడు కిరాయి ముచ్చట కూడ తెగింది. బంద్ నాడు నడిచి నడిచి కాళ్ళు పీకినయేమో, కార్మికుల పెద్దమనుషులు వచ్చి కూసున్నరు. షిఫ్టు టైముల పాత కిరాయి, మిగిలిన టైముల చారాణ ఎక్కువ అని మాట అయింది. ఎవ్వలకూ పూర్తిగ ఇష్టం లేదు గని అందరు ఒప్పుకున్నరు. పెట్రోలు ధర మాత్రం దిగలే. ఆ తర్వాత యాడాదులల్ల ఇంకా పెరిగింది. నేను కూడ అందరితోని కలిసి గట్టిగనే తిట్టిన. తిట్టుకునే అంత మనసు నిమ్మళం ఉండుడు ఎంత పెద్ద సంగతో నాకు తెలుసు.

తమ్ముడు నెల దినాలు ఎక్కడికీ పోలే. తిన్నడు, పన్నడు, అవ్వ చేతి పచ్చిపులుసు తాగిండు. ఒకనాడు అడ్డా మీదికి వచ్చి చెయ్యి చాపిండు.

"తాళంచెయ్యి ఇయ్యి అన్నా. ఒక్క ట్రిప్పు నేను కొడత."

నేను నా బండిలనే ఎనుక, గిరాకి నడుమ ఇరుక్కొని కూసున్న. ఒక దిక్కు స్టేషన్‌కు పోయే ముసలవ్వ, ఇంకో దిక్కు డ్యూటీ దిగిన కార్మికుడు. వాడు గేరు మార్చే తీరు మారలే, క్లచ్చు అట్లనే గుంజుతున్నడు. ఒద్దురా, మెల్లగ అందామనుకున్న. గని చల్లగాలి తాకుతుంటే కండ్లు మూతలు పడ్డయి. స్టేషన్ వచ్చినంక ఆ ముసలవ్వ తట్టి లేపింది.