సున్నా చుట్టిన పేరు

మా విలేఖరి గారు పోయారు. ఈ సంగతి తంతి మీద రాలేదు, పత్రికలోనూ రాలేదు. గూడెం నుంచి కాలువ వెంట ఏలూరు వచ్చే పడవ సరంగు, బస్తాలు దింపించే హడావుడిలో చెప్పాడు.

"సాయిబు గారూ, మీ గూడెం పంతులు గారు పోయారండి. మొన్న గురువారం. వాళ్ళావిడ ఈ కాగితం మీకిమ్మన్నారండి. ఇంట్లో ఎవరికీ చదవడం రావట్లేదంట."

"ఎలా పోయారయ్యా?"

"జ్వరమండి. ఎక్కువ బాధపడలేదంట. ఏవండీ, కాస్త పక్కకి జరగండి, బస్తా మీ కాళ్ళ మీద పడుద్ది."

జరిగాను. ఒక మనిషి లేడని విన్నాక మొదట చేసిన పని అదీ, బస్తాకి దారివ్వడం. తరవాత ఆ కాగితం పట్టుకుని అచ్చాఫీసుకి వచ్చి నా బల్ల ముందు కూచున్నాను. ఆయన రాత చదవగలిగినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే మిగిలాను. రాసేవాడు పోయాక ఆ విద్య దేనికో నాకింకా తెలియలేదు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే ఈ సంగతి మీకు అందదు. అందినా చెప్పేవాణ్ణే, అది వేరే మాట. మా వాళ్ళు ఏలూరులో తరతరాలుగా తివాచీలు నేసేవాళ్ళు. ఉన్ని నుసి పడక నాకు ఒకటే దగ్గు. మా నాన్న విసుగెత్తి తీసుకొచ్చి అచ్చాఫీసులో పడేశాడు. బడి మొహం చూసినవాణ్ణి కాదు. అక్షరాలు నాకు ఓనమాల వరసలో రావు, టైపు కేసులో ఏ గడిలో ఏది ఉంటుందో ఆ వరసలో వచ్చు. పైగా సీసపు అక్షరం కుడిఎడమలు తిరగేసి ఉంటుంది కదా, నేను నేర్చినదంతా ఆ తిరగేసిన చదువే. ఇప్పటికీ బజార్లో బోర్డు చూస్తే ఎవరో తప్పు రాశారని ఒక్క క్షణం అనిపిస్తుంది. "మీకు లోకమంతా తిరగేసి కనపడితే అది లోకం తప్పా?" అనేది మా ఆవిడ, బతికున్న రోజుల్లో. సరే, ఆమె సంగతి ఇప్పుడు వద్దు. మొదలుపెడితే ఆగను.

విలేఖరి గారిది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. వ్యవసాయపు కుటుంబం. కొంతకాలం బోర్డు స్కూల్లో పంతులుగా చేసి, అది మానేసి, మా వారపత్రికకి వార్తలు రాయడం మొదలుపెట్టారు. తెల్ల గొడుగు, తలపాగా, చెవి మీద పెన్సిలు ముక్క. తలపాగా కింద ఇంకో ముక్క ఉండేది. "ఒకటి పోలీసులు విరిచెయ్యడానికండి, రెండోది నేను రాసుకోవడానికి" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. ఆయన నవ్వేవారు కాదు. వీధుల్లో జనం గుమిగూడితే లాఠీలు లేచే రోజులవి. పెన్సిలు పట్టుకుని నిలబడ్డవాడు జెండా పట్టుకున్నవాడి కంటే ముందే కంటపడతాడు.

ఒకసారి వేరే ఊరి విలేఖరి పంపిన వార్త పేరుస్తున్నాను. "అనేకులు గాయపడిరి" అని ఉంది. మా విలేఖరి గారు నా భుజం మీదుగా, అక్షరాలు పేర్చే గేలీ పళ్ళెం వంక చూసి అదేమిటో చదవమన్నారు. చదివాను.

"అనేకులు అని రాశాడంటే వాడు అక్కడ లేడన్నమాట, సాయిబు గారూ. ఉన్నవాడు లెక్కపెడతాడండి."

ఆయన లెక్కపెట్టేవారు. దెబ్బలు తిన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, కట్టు విప్పించి చూసి, పేరు అడిగి రాసుకునేవారు. ఆ పేరు చుట్టూ ఒక సున్నా చుట్టేవారు. సున్నా చుట్టిన పేరు ఆయనకీ నాకూ మాత్రమే, అచ్చుకి కాదు. అచ్చులో పడితే మర్నాడు పోలీసులు ఆ గుమ్మంలో ఉంటారు. అందుకని నేను దాన్ని వదిలేసి "ఒక రైతు" అనో "ఒక వృద్ధురాలు" అనో వేసేవాణ్ణి.

"అచ్చు వెయ్యని పేరు రాయడం దేనికండీ?" అన్నాను ఒకసారి.

"పేరు తెలిస్తే పెన్సిలు ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడుస్తుందండి" అన్నారు.

ఇక అసలు సంగతి. ఆ ఏడు మీకు గుర్తుండే ఉంటుంది. సముద్రం ఒడ్డున ఉప్పు వండారు. ఊళ్ళల్లో కల్లు దుకాణాల ముందు బైఠాయించారు. ఆకివీడు బజార్లో అలా కూచున్నవాళ్ళని పోలీసులు చితక్కొట్టారు. విలేఖరి గారు అక్కడే ఉన్నారు. చెవి మీది పెన్సిలు అనుకున్నట్టే పోయింది. పదకొండు మందికి దెబ్బలు. ఆసుపత్రికి వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే స్టేషనుకి పట్టుకుపోతున్నారు. అందులో తలలు పగిలిన ముగ్గురిని, చేపలమ్ముకోడానికి వచ్చిన ఒక ముసలమ్మ తన దోనెలో పడుకోబెట్టింది. పైన తుంగ కప్పి కొల్లేట్లోకి తోసుకుపోయింది. సరస్సు మధ్య లంకలో తన గుడిసెలో దాచి, గంజి పోసింది. విలేఖరి గారు అక్కడికీ వెళ్ళారు. కట్లు చూసి, తిరిగి వచ్చే పడవలోనే వార్త రాశారు. ఆ అక్షరాలు కూడా నీళ్ళ మీద ఊగుతున్నట్టే ఉన్నాయి.

పదకొండు పేర్లకీ సున్నాలున్నాయి. ముసలమ్మ పేరుకి రెండు, ఒకదాని మీద ఒకటి.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి శుభలేఖల్లో తాసీల్దారు గారి పేరు లావు అక్షరాల్లో పేర్చిన చేతులివి. భూములున్నవాళ్ళవీ బిరుదులున్నవాళ్ళవీ ఎన్ని వేల పేర్లు పేర్చి ఉంటాయో. ఒక చేపలమ్మి పేరు ఏనాడూ పేర్చలేదు. నాలాంటి చదువులేనివాడికి అచ్చులో పేరంటే అదేదో పట్టాభిషేకం. ఈ పేరు లోకం చూడకపోతే ఇంకెవరి పేరు చూడాలి అనిపించింది. సున్నాలు చూశాను. చూసే వేశాను. అదీ లావు అక్షరాల్లో. "చూసుకోలేదండీ, పొరపాటు" అని మా యజమానితో చెప్పాను. అది అబద్ధం.

పత్రిక వెళ్ళిన మూడోనాటికి పోలీసులు లంకకి వెళ్ళారు. దెబ్బలు తిన్నవాళ్ళు అప్పటికే దాటిపోయారు. ముసలమ్మ దోనెని గొడ్డలితో రెండు ముక్కలు చేసి, ఆమె కొడుకుని స్టేషనుకి పట్టుకుపోయారు.

ఆ మధ్యాహ్నం విలేఖరి గారు వచ్చేసరికి నేను యంత్రానికి సిరా పూసే రోలరు పోత పొయ్యడానికి పొయ్యి మీద బంకా బెల్లం కాస్తున్నాను.

"సాయిబు గారూ, నా కాగితం ఉందాండి?"

ఇచ్చాను. ఆయన ఆ రెండు సున్నాల వంక చూశారు. తరవాత నా వంక.

"నేనే వేశానండీ. అంత పని చేసిన మనిషికి పేరన్నా దక్కాలని..."

"ముసలమ్మకి పేరు అక్కర్లేదండి. దోనె కావాలి."

కోపంగా అనలేదు. మంచినీళ్ళు అడిగినట్టు అన్నారు.

"నేను స్టేషనుకి వెళ్ళి తప్పు నాదని చెప్పేస్తానండీ" అన్నాను.

"ఏమని చెబుతారండీ? వెయ్యొద్దన్న పేరు వేశానని. అంటే పేరు నిజమేనని మీరే సాక్ష్యం పలికినట్టు. అబద్ధమని చెప్పాలంటే రాసినవాడే చెప్పాలండి. అది నేనొక్కణ్ణే."

కాగితం పొయ్యిలో పెట్టారు. అది కాలేదాకా నిలబడి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఇప్పటికీ బెల్లం మాడిన వాసన వస్తే నేను వీధిలోకి వెళ్ళి నిలబడతాను.

స్టేషనులో జరిగింది నాకు తరవాత ముసలమ్మ కొడుకు చెప్పాడు. ఆ పేరు తానే కల్పించి రాశానని విలేఖరి గారు అన్నారట. ఇన్‌స్పెక్టరు నవ్వాడట.

"పేరొక్కటే అబద్ధమా పంతులూ? పదకొండు మంది మాట? అదీ అబద్ధమని రాసి సంతకం పెట్టు, వీణ్ణి వదిలేస్తాను."

విలేఖరి గారు కాగితం అడిగారట. తరవాత తలపాగా కింది నుంచి ఆ రెండో పెన్సిలు తీసి రాశారట. రాయడం అయ్యాక, రాసిన చేతికి బుద్ధి చెప్పాలని పోలీసులు ఆయన వేళ్ళ మీద లాఠీతో కొట్టారట. ఆ కుడిచేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఎవరైనా అడిగితే తలుపు సందులో పడ్డాయనేవారు. దెబ్బలు తిన్న ప్రతివాడి కట్టూ విప్పించి చూసిన మనిషి, తన చెయ్యి ఎవరికీ చూపించలేదు.

వారం తిరిగేసరికి మా పత్రికలో దిద్దుబాటు పడింది. వెయ్యకపోతే అచ్చాఫీసుకి తాళం అన్నారు. మా విలేఖరి ఫలానావారు రాసిన వార్త యావత్తూ కల్పితమని, అందుకు చింతిస్తున్నామని. పేర్చింది నేనే. అన్నేళ్ళు రాసిన పత్రికలో ఆయన పేరు అచ్చయింది ఆ ఒక్కసారే.

ఆ తరవాత ఆయన వార్తలు ఎవరు వేస్తారు? వేసినా ఎవరు నమ్ముతారు? గూడెం స్టేషను ప్లాట్‌ఫారం మీద నా కళ్ళ ముందే ఒకాయన బెంచీ మీంచి కేకేశాడు.

"ఏవండీ పంతులు గారూ! ఇవాళ ఎన్ని తలకాయలు పగిలాయండీ? మీరు చెబితే ఒకటి తగ్గించుకుని వింటాం లెండి!"

"ఒకటెందుకండీ, పదకొండూ తగ్గించేసుకోండి" అన్నారు ఈయన, గొడుగు తెరుస్తూ.

జనం నవ్వారు. నేనూ ఆ జనంలో ఒకణ్ణే. నవ్వలేదు గాని, నోరూ విప్పలేదు. విప్పితే దోనె మళ్ళీ పగులుతుంది. ఆ నిజం తెలిసినవాళ్ళం ఇద్దరం, ఒకరి పక్కన ఒకరం, రైలు కోసం చూస్తూ నిలబడ్డాం.

క్షమించమని అడగడానికి లంకకి వెళ్ళాను. ముసలమ్మ దోనె ముక్కల మధ్య కూచుని వల బాగుచేసుకుంటోంది.

"పేపర్లో నా పేరెట్టారంట గదా బాబూ. ఏదీ, ఓసారి సూపించు."

జేబులోంచి ఆ పత్రిక ముక్క తీసి, ఇదుగో ఇదీ అని వేలు పెట్టి చూపించాను. ఆమె ఆ నాలుగు అక్షరాలనీ గోటితో గీకి చూసింది.

"ఇంతేనా? ఈ సిన్న ముక్కకా నా దోనె బద్దలైంది?" అని, "ఆ పంతులు గారి సెయ్యి ఎలాగుందయ్యా?" అంది.

అడగడానికి వెళ్ళిన మాట నేను అడగలేదు.

విలేఖరి గారు ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. ఆ రాత పీత నడక. లంకవాళ్ళకి అర్జీలు రాసి నాకు పంపేవారు, నేను మంచి దస్తూరీలో ఎత్తి రాసేవాణ్ణి. ఏడాదికోసారి పడవ మీద ఏలూరు వచ్చి నా టైపు కేసు పక్కన ముక్కాలి పీట మీద కూచునేవారు. ఇద్దరం గోళీ సోడా తాగేవాళ్ళం. ఒక్కసారి మాత్రం ధైర్యం చేసి మొదలుపెట్టాను.

"ఆ రోజు నేను గనక ఆ పేరు..."

"సోడాలో గ్యాసు పోతోందండి, సాయిబు గారూ. తాగండి."

ఇంక ఎప్పుడూ ఎత్తలేదు. మా ఆవిడ పోయినప్పుడు కూడా వచ్చి, ఆ పీట మీద సాయంత్రం దాకా కూచుని వెళ్ళారు. ఇప్పుడు ఆ పీట మీద పాత ప్రూఫులు పెట్టారు. పక్క కేసు దగ్గర పనిచేసేవాడు మంచివాడే గాని చెవుడు. రోజంతా మాట్లాడతాను. వాడు తలూపుతాడు.

సరంగు తెచ్చిన కాగితం మూడుసార్లు చదివాను. "సాయిబు గారికి. ముసలమ్మ నిరుడు పోయింది. కొడుకు రంగూన్ ఓడ ఎక్కాడు. తక్కినవాళ్ళూ చెప్పుకోడానికి భయపడడం లేదు. ఇంక ఎవరికీ హాని లేదు. వీలుంటే పదకొండు మంది అన్నది నిజమని వేయించండి." అంతే. కింద ఆయన పేరు. పేరు చుట్టూ ఎడమచేతి సున్నా, ఒకచోట అంచులు కలవలేదు.

కనక వేయిస్తున్నాను. ఆ రోజు ఆకివీడు బజార్లో దెబ్బలు తిన్నవాళ్ళు పదకొండు మంది. ముగ్గురిని ఒక ముసలమ్మ దోనెలో దాటించిన మాట నిజం. మా విలేఖరి రాసినదాంట్లో కల్పితం ఒక్క అక్షరం లేదు. కల్పితమని వేసిన దిద్దుబాటే కల్పితం. స్టేషనులో దెబ్బ తిన్న చేతిని కలిపితే పన్నెండు అవుతుంది గాని, ఆ లెక్క ఆయన వెయ్యలేదు, నేనూ వెయ్యను.

నిన్న మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, ఆయన పేరు లావు టైపులో పేర్చాను. అక్షరాలు పేర్చే స్టిక్కులో ఆ పేరు నాలుగు అక్షరాలూ తిరగేసి నిలబడ్డాయి, ఎండలో మెరుస్తూ. చాలాసేపు చూశాను. ఈసారి సున్నా మాట విన్నాను. ఒక్కొక్క అక్షరమే తీసి దాని గడిలో దాన్ని వేసేశాను. ఆఖరిది పడ్డప్పుడు సీసం మీద సీసం చిన్నగా చప్పుడైంది. పీట వంక చూశాను, ఆయన విన్నారేమోనని.