పాళీ మాస్టారు తోమిన పెన్ను

బజారులో ఆయన్ని పాళీ మాస్టారంటారు. ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. పాత ఇంకు పెన్నులు బాగుచేస్తాడు, అంతే. మేడమెట్ల కింద కొట్టు, లేచి నిలబడితే నెత్తి తగుల్తుంది. ఓ బల్ల, బల్లకి బిగించిన మెరుగుచక్రం, ఓ భూతద్దం. వెనక గోడనిండా సొరుగులు. ఆ సొరుగుల్లో నాలుగొందల పన్నెండు పెన్నులున్నాయి, ఒక్కటీ అమ్మడు.

పెన్నుల పిచ్చోడని నవ్వుకుంటారు జనం. ఆదివారం పొద్దున్నే పాతసామాన్ల సంతలో మోకాళ్ళ మీద కూచుని, తుప్పు డబ్బాల్లో చెయ్యిపెట్టి కెలికే మనిషిని చూసి ఇంకేమనుకుంటారు? పిచ్చే అనుకోనీ. ఆయన వెతికేది మాత్రం ఒకే ఒక్క పెన్ను. దారిలో తగిలినవే మిగతా నాలుగొందల పన్నెండూ.

తండ్రి పోయాక ఈయన్ని పెదనాన్న తెచ్చి పెంచాడు. పెదనాన్నకో పెన్నుండేది. పాతికేళ్ళు పనిచేసినందుకు ఆఫీసువాళ్ళిచ్చింది. నల్లటి రబ్బరు ఒళ్ళు, బంగారు పాళీ, ఒంటిమీద వెంట్రుకంత సన్నగా చెక్కిన ఆయన పేరు. ఆదివారం ఆదివారం దాన్ని విప్పి గోరువెచ్చటి నీళ్ళలో కడిగే పని పిల్లాడిది. క్యాపు వదులైతే పన్నెండేళ్ళవాడు సైకిల్ ట్యూబు ముక్క సన్నగా కోసి లోపల చుట్టాడు. క్యాపు మళ్ళీ టక్కున పడింది. పెదనాన్న మురిసిపోయి వీధి వీధంతా చెప్పుకున్నాడు.

పదహారో ఏట ఆ పెన్ను పోయింది. ఇంట్లో దానిమీద కన్నున్నదెవరికి? వీడికే. ఇంకేం కావాలి? ట్రంకుపెట్టె బోర్లించారు, పరుపు విప్పారు. దొరకలేదు. దొరక్కపోతే కాదనుకోవాలి కదా, అబ్బే, అప్పుడే ఎక్కడికో చేరేశాడన్నారు. పెదనాన్న చెయ్యి చేసుకోలేదు. "అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదరా," అన్నాడు. ఆ మాట కంటే నాలుగు తగిలించినా బాగుండేది. వారం తిరక్కుండా చదువు మాన్పించి ఓ పెన్నుల కొట్లో పనికి పెట్టారు, పడక కూడా అక్కడే. ఇదంతా జరుగుతుంటే పెదనాన్న కొడుకు, పెద్దవాడు, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. నోరు విప్పలేదు.

నలభై నాలుగేళ్ళయింది. పెదనాన్న పోయాడు. రెండేళ్ళ కిందట ఆ అన్నయ్యా పోయాడు. మిగిలింది పెదనాన్న కూతురు, అక్క. అక్క మంచిది. ఆ మంచితనంతోనే వేపుకు తింది ఇన్నాళ్ళూ. నెలకోసారి వెళ్తే కూచోబెట్టి అన్నం పెడుతుంది, మధ్యలో నవ్వుతూ, "ఇప్పటికైనా చెప్పరా, ఎవరికిచ్చావు? నేనేమీ అననులే, చిన్నతనం," అంటుంది. తీయలేదక్కా అని మొదట్లో ఏడ్చాడు, తర్వాత అరిచాడు, తర్వాత తినేసి లేచిపోవడం నేర్చుకున్నాడు. చెయ్యని తప్పుకి ఒకరు క్షమిస్తుంటే కూచుని భరించడం ఎంత నరకమో పడ్డవాడికి తెలుస్తుంది. ఇంకోటుంది. ఆయన గుమ్మంలో అడుగుపెట్టగానే అక్క లేచి బీరువా తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంటుంది. అదేమీ కావాలని కాదు. చెయ్యి దానంతటదే పోతుంది. ఆయన మాత్రం ఆ చేతినే చూస్తాడు. "నువ్వు కాదురా" అన్న మాట అక్క నోట ఒక్కసారి వినాలి, అంతే ఆయన కోరిక.

మొన్న ఓ మధ్యాహ్నం అన్నయ్య భార్య, వదిన, కొట్టుకొచ్చింది. చేతిలో తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా.

"అటక సర్దుతుంటే దొరికింది మరిదిగారూ. మీ అన్నయ్య పెన్నులు. కాస్త మెరిసేట్టు తోమిపెట్టండి, ఆయన గుర్తుగా ఉంచుకుంటాను."

బయటివాళ్ళయితే డబ్బా వాళ్ళ ఎదుటే తెరిచి, ఒక్కొక్కటీ బల్లమీద పరిచి చూపించి తీసుకుంటాడు. సొంత వదిన, చూపించేదేముందిలే అని డబ్బా అలాగే పక్కన పెట్టాడు. పైగా అన్నయ్య పెన్నులంటే చిన్నచూపు. రాతకోతలు లేని మనిషి, వాడి దగ్గరేముంటాయి, చవకబారువి తప్ప?

మర్నాడు తెరిచాడు. ఏడు పెన్నులు, ఒకదాన్ని మించి ఒకటి మురికి, ఎండిన ఇంకు పట్టి పాళీ ఏ రంగుదో కూడా తెలియట్లేదు. పాత రబ్బరు పెన్నులు ఏళ్ళు గడిస్తే నలుపు పోయి మట్టిరంగుకి తిరుగుతాయి. ఆ పైపొర తీసేస్తే గానీ నలుపు రాదు. తీసేముందు భూతద్దం పెట్టి ఒంటిమీద రాతలేమైనా ఉన్నాయేమో చూసుకోవాలి. ఈ మాట సేకరణ మొదలుపెట్టిన కుర్రకారుకి ఆయనే గడ్డిపెట్టి మరీ చెప్తాడు: చూడకుండా తోమినవాడు పెన్నుని చంపినట్టేనని. ఆ రోజు భూతద్దం బల్లకి ఆ చివర ఉంది. లేవడానికి బద్ధకించాడు. ఏడింటినీ వరసగా చక్రానికి పట్టాడు.

అయిదోది తళతళా నల్లగా తేలింది. బాగా వచ్చిందే అనుకుంటూ క్యాపు లోపల తుడుద్దామని పుల్లకి గుడ్డ చుట్టి తిప్పాడు. ఏదో అడ్డం తగిలింది. పటకారుతో లాగితే ఎండి బిరుసెక్కిన సైకిల్ ట్యూబు ముక్క. ఓ అంచు వంకరగా ఉంది. బ్లేడు జారి వేలు తెగితే వచ్చిన వంకర అది. ఆ మచ్చ ఎడమ బొటనవేలి మీద ఇంకా ఉంది.

అప్పుడు లేచి భూతద్దం తెచ్చాడు. ఒళ్ళంతా వెతికాడు. దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు లేదు. నలభై నాలుగేళ్ళు వెతికినదాన్ని తన చేత్తోనే రెండు నిమిషాల్లో పొడి చేశాడు. చక్రం కింద ఆ పొడి ఇంతుంది. దాన్ని చూస్తూ కూచుని తనని తాను బండబూతులు తిట్టుకున్నాడు.

మెరుస్తున్న పెన్ను పట్టుకుని వదిన దగ్గరికి పరిగెత్తాడు.

"ఇది నీ డబ్బాలోదే కదా వదినా?"

"ఏమో. నేను మూత తీసి చూస్తేగా. ఇంత మంచి పెన్ను ఆయన చేతిలో నేనెప్పుడూ చూళ్ళేదే," అంది వదిన. సంగతి చెప్పగానే ఆవిడ మొహం మాడిపోయింది. "పోయినాయన నోరు విప్పి చెప్పుకోలేడనేగా మరిదిగారూ? ఇంకెక్కడా అనకండి ఈ మాట."

ఇక మిగిలింది అక్క. అక్క నమ్మితే చాలు, లోకం ఏమైనా అనుకోనీ. వెళ్ళేసరికి అక్క దుప్పట్లు మడతపెడుతోంది. ఆయన్ని చూడగానే బీరువా తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఆయన పెన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. క్యాపులోంచి లాగిన సైకిల్ ట్యూబు ముక్కా చూపించాడు.

అక్క కళ్ళు నీళ్ళతో నిండాయి. "నాన్నదే. ఇదే," అంది. ఆయన గుండె ఎగిరి గంతేసింది. అక్క పెన్నుని వెలుగు వైపు తిప్పింది, వేలితో నిమిరింది. "పేరేదిరా?"

"పోయింది అక్కా. చూసుకోకుండా తోమేశాను. అన్నయ్య డబ్బాలో..."

"తోమేశావా," అంది అక్క, మెల్లిగా. "పేరుంటే ఎవరైనా పోల్చుకుంటారనా?"

ఆయన డబ్బా సంగతి, వదిన రావడం, చక్రం, అన్నీ గబగబా చెప్పుకొచ్చాడు. చెప్తుంటే తనకే కట్టుకథలా వినిపించింది. అక్క సాంతం వింది.

"చచ్చినవాడి మీదకి తోయకురా. వాడికి పెన్ను పట్టడమే సరిగా రాదు. తెచ్చిచ్చావు, చాలు. ఇన్నేళ్ళూ ఎంత నలిగిపోయావో, నాకు తెలీదా?"

"నేను తీయలేదక్కా. ఇటివ్వు, దీన్ని పట్టుకెళ్ళిపోతాను."

"మళ్ళీనా?" అంది అక్క, ఆయన మొహంలోకి చూస్తూ.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇక్కడ వదిలేస్తే ఒప్పుకున్నట్టు. పట్టుకెళ్తే రెండోసారి దొంగతనం. మనుషులు ఓసారి ఒకడికి ముద్ర వేశాక, వాడు ఎటు కదిలినా ఆ ముద్ర మీదే అడుగుపడుతుంది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు.

అక్క కళ్ళు తుడుచుకుని, బొడ్లోంచి తాళంచెవి తీసి బీరువా తెరిచింది. పెన్నుని చీరల మధ్య భద్రంగా పెట్టి తలుపు మూసింది. ఆయన తల నిమిరి, "చెయ్యి కడుక్కురా, అన్నం పెడతాను," అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

తాళంచెవి బీరువాకే వేలాడుతోంది. నలభై నాలుగేళ్ళలో మొదటిసారి అక్క దాన్ని ఆయన ముందు వదిలేసి వెళ్ళింది.