నాలుక చూపిస్తేనే ఫొటో

ఆనంద్ బాబుకు ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి నాలుక చూడనిదే ఫొటో తీయడు. మార్కాపురం బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో నడిపే మనిషి ముఖం చూడాలి, వెలుతురు చూడాలి, కాలరు సరిగా ఉందో లేదో చూడాలి. ఈయన మాత్రం కెమెరా చేతిలోకి తీసుకుంటూనే "ఏదీ, నాలుక చూపించు" అంటాడు. తడిగా ఉంటే సరే. ఎండిపోయి ఉంటే కెమెరా బల్ల మీద పెట్టేసి కుండ దగ్గరికి పోతాడు. వచ్చినవాళ్ళు గ్లాసు నీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటేనే మళ్ళీ కెమెరా ముడతాడు.

ఇలాంటి మనిషితో కాపురమూ వ్యాపారమూ రెండూ చేస్తున్నది ఫెబీ. కంప్యూటర్ ముందు కూర్చుని ఫొటోలు సరిచేసేది ఆమే, పెళ్ళిళ్ళలో వీడియో తీసేదీ ఆమే. మొగుడు నాలుక అన్నప్పుడల్లా తల పట్టుకునే పని కూడా సహజంగా ఆమె మీదే పడింది.

హజ్ యాత్రకు పోవడానికి ముసలాయన ఇమాం సాహెబ్ పాస్‌పోర్టు ఫొటో దిగడానికి వచ్చాడు. ఆనంద్ బాబు అడిగాడు, ఆయన మర్యాదగా నాలుక బయటపెట్టాడు. "సాహెబ్, ఇది నాలుకా, ఎండిన చింతపండా? పొద్దున్నుంచి నీళ్ళు తాగలేదా?"

"దప్పిక కాలేదు బాబూ."

"వయసైతే దప్పిక తెలీదు సాహెబ్. ఒంట్లో నీళ్ళు తగ్గిపోతా ఉన్నా కూడా నోరు అడగదు. గంట చూసుకొని తాగాల."

ఇంత ఉపన్యాసం ఇచ్చి, ఇంకోసారి నాలుక బయటపెట్టించి చూస్తూ, అలవాటు కొద్దీ వేలితో బటన్ నొక్కేశాడు. ఫెబీ ఆ రోజు గుమ్మం దగ్గర గుంపుతో సతమతమవుతూ, చూడకుండానే ప్రింట్లు తీసి కవర్లో పెట్టేసింది. మర్నాడు ఇమాం సాహెబ్ కవరు తెచ్చి బల్ల మీద పరిచాడు. "ఏందమ్మా ఇది? హజ్‌కు పోయేది నేనా, నా నాలుకా?"

ఇంకోసారి స్టూడియో బాత్రూమ్ గోడకు రంగుల కార్డు ఒకటి అంటించాడు. లేత పసుపుతో మొదలై, ముదిరి ముదిరి, కిందికొచ్చేసరికి టీ డికాషన్ రంగు. పాస్‌కి పోయినవాళ్ళు తమ రంగు ఏదో దాంతో పోల్చుకోవాలని ఆయన ఉద్దేశం. పక్క దుకాణంలో జాకెట్లు కుట్టే యశోద లోపలికి పోయి ఉత్సాహంగా బయటికొచ్చింది.

"అన్నా, ఆ కింది రంగు శానా బాగుంది. అది యాడ దొరుకుతుంది?"

"అది దొరకకూడదమ్మా!" అన్నాడు ఆనంద్ బాబు గుండె మీద చెయ్యి వేసుకుని. "అది వచ్చిందంటే ఆస్పత్రికి పోవాల!"

యశోద ఏం అర్థం చేసుకుందో గానీ, ఆ తర్వాత నెల రోజులు స్టూడియో వైపు చూడలేదు. ఫెబీ జాకెట్లు గిద్దలూరు తీసుకుపోయి కుట్టించుకోవలసి వచ్చింది.

చావు ఇంట్లో చేసిన పని చెప్పడానికి ఫెబీకి ఇప్పటికీ సిగ్గే. పెద్దాయన పోయాడని, వీడియో తీయమని పిలిచారు. ఆయన కోడలు శవం మీద పడి గుండెలు బాదుకుంటోంది. ఆనంద్ బాబు కెమెరా దించి అందరికీ వినపడేట్టు, "ఈ అమ్మకు కన్నీళ్ళు రావడం లేదు, చూడండి" అన్నాడు. ఒంట్లో నీళ్ళు అయిపోయాయి, కాస్త తాగించండి అని ఆయన భావం. ఆడబిడ్డలకు అర్థమైంది వేరు. "మేం పొద్దున్నే అనుకున్నాం!" అంటూ ఒక్కసారిగా లేచారు. ఆ గొడవలో శవం ఒక గంట ఆలస్యంగా లేచింది.

ఫెబీ నాయన జయపాల్ గుండె జబ్బు మనిషి. నీళ్ళు కొలిచి తాగమని, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పి ఉన్నాడు. అల్లుడికి ఆ సంగతి తెలియదు. మామ నాలుక చూశాడు, భయపడ్డాడు, లీటరు నీళ్ళలో ఓఆర్ఎస్ పొట్లం కలిపి పక్కన కూర్చుని బతిమాలి బతిమాలి తాగించాడు. మరునాటికి మళ్ళీ కలిపాడు. జయపాల్ కాళ్ళు ఉబ్బి, ఆయాసంతో ఆస్పత్రిలో పడ్డాడు. "ఈయనకు ఉప్పు నీళ్ళు పోసిందెవరు?" అని డాక్టరు కేకలేస్తుంటే ఆనంద్ బాబు మంచం వెనకాల దాక్కున్నంత పని చేశాడు.

దాంతో మానేస్తాడని ఫెబీ ఆశపడింది. మానలేదు. నాలుక అడిగే ముందు "గుండె జబ్బుందా? కిడ్నీ జబ్బుందా?" అని రెండు ప్రశ్నలు కలిపాడంతే. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చినవాళ్ళు తాము దారి తప్పి ఏ ఆస్పత్రికో వచ్చామేమోనని బోర్డు వంక చూసుకునేవారు.

తప్పు చేసినప్పుడు తిట్టుకోవచ్చు. ఒప్పు చేసినప్పుడే ఫెబీకి ఇంకా కష్టం. ఒకరోజు ఒక తల్లి ఏడాది బిడ్డను రేషన్ కార్డు ఫొటోకని తెచ్చింది. బిడ్డకు రాత్రి నుంచి వాంతులు, విరేచనాలు. ఏడుస్తోంది గానీ కంట్లో చుక్క లేదు. కళ్ళు లోతుకు పోయాయి. మధ్యమధ్య తల వాల్చేస్తోంది. ఆనంద్ బాబు ఆ రోజు నాలుక కూడా అడగలేదు. ఆటో పిలిచి తల్లీబిడ్డల్ని ఎక్కించి, దారి పొడుగునా చెంచాతో ఓఆర్ఎస్ నీళ్ళు తాగిస్తూ ఆస్పత్రికి చేర్చాడు. అక్కడ వెంటనే సెలైన్ పెట్టారు, బిడ్డ దక్కింది. ఇంక ఈయన్ను పట్టేదెవరు? కెమెరా బ్యాగులో లెన్సు పెట్టుకునే అరలో ఓఆర్ఎస్ పొట్లాలు చేరాయి. లెన్సు ఫెబీ చీరల సంచిలో చేరింది.

ఇలా నడుస్తుండగా మే నెలలో కంభంలో పెళ్ళి ఒప్పుకున్నారు. పెళ్ళికూతురు రాధాకుమారి. వాళ్ళమ్మ సువార్తమ్మ బేరం కుదుర్చుకునేటప్పుడే గట్టిగా చెప్పింది. "బాబూ, నీ సంగతి మేమూ విన్నాం. మా పెళ్ళిలో మాత్రం నాలుకల మాట ఎత్తొద్దు. పెళ్ళికొడుకు వాళ్ళు ముండ్లమూరోళ్ళు. ప్రతిదానికీ వంక పెడతారు."

"ఎత్తడక్కా, నాదీ హామీ" అంది ఫెబీ. ఆ హామీ ఎందుకిచ్చిందో ఆమెకే తెలియాలి.

పెళ్ళి పది గంటలకన్నారు. ముండ్లమూరు నుంచి రావాల్సిన బస్సు దారిలో చెడిపోయి, మగపెళ్ళివాళ్ళు దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. రాధాకుమారి తెల్లవారక ముందే తయారై, ఒంగోలు నుంచి అద్దెకు తెచ్చిన తెల్ల గౌనులో అలాగే కూర్చుని ఉంది. గౌను వెనక గజాల కొద్దీ తోక. చర్చి లోపల ఫ్యాన్లు వేడిగాలిని అటు తీసి ఇటు వేస్తున్నాయి. ఫెబీకి కణతలు పగిలిపోతున్నాయి. పెళ్ళి వీడియో అంటే చాలు, ఆమెకు ఈ తలనొప్పి తప్పదు. మొగుడి వల్లేనని ఆమెకు గట్టి నమ్మకం.

పాస్టరుగారు ప్రార్థన ముగించి, ప్రమాణాలు చేయించడానికి పుస్తకం తెరిచాడు. ఆనంద్ బాబు పెళ్ళికూతురి ముఖానికి దగ్గరగా కెమెరా పెట్టి, చూసి, దించేశాడు. 

"పాస్టరుగారూ, ఒక్క నిమిషం ఆగండి. అమ్మా, ఏదీ, నాలుక చూపించు."

 మొదట తేరుకుంది పెళ్ళికొడుకు పెద్దమ్మ పుష్పమ్మ.

"ఏందీ? అమ్మాయికి ఏమన్నా జబ్బుందా ఏంది?"

"జబ్బేం లేదమ్మా" అన్నాడు ఆనంద్ బాబు. "పెదాలు పగిలినాయి, కళ్ళు పీక్కపోయినాయి, నిలబడి ఊగుతాంది. కాసేపు కూచోబెట్టి..."

"చూసినారా, ఊగుతాందంట!" పుష్పమ్మ వెనక్కి తిరిగి తనవాళ్ళందరికీ చెప్పింది. "ఫొటోలు తీసేటోడికి తెలిసింది, మనకు చెప్పలా! జబ్బు పిల్లను అంటగట్టేదానికి చూసినారు!"

"మా పిల్లకు జబ్బంటావా?" సువార్తమ్మ కొంగు దోపింది. "ఓ ఫెబీ! ఇదేనా నువ్విచ్చిన హామీ?"

మగపెళ్ళివాళ్ళలో ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. బస్సు డ్రైవర్ను పిలవమని ఎవరో అన్నారు. ఫెబీకి వీడియో కెమెరా తీసి మొగుడి నెత్తిన వేయాలనిపించింది, కాని దాని వాయిదాలు ఇంకా ఉన్నాయి. గబగబా పోయి పెళ్ళికూతురి చెయ్యి పట్టుకుంది. "ముసుగు జారింది, సరిచేసుకొని వస్తాం. రెండు నిమిషాలు!" అంటూ పక్క తలుపులోంచి బయటికి లాక్కుపోయింది.

నీడలోకి రాగానే నీళ్ళ సీసా ఇచ్చింది. రాధాకుమారి తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. తాగితే పోయేది యాడ? చర్చి వెనక బాత్రూమ్ గోడలు లేచినాయి గానీ తలుపు రాలా. ఈ గౌను పట్టుకోవాలంటే నలుగురు కావాల. రాత్రి నుంచి నోట్లో చుక్క పోసుకోలా."

ఫెబీ తిట్టబోయి నోరు మూసుకుంది. ఏమని తిడుతుంది? తాను కూడా మార్కాపురంలో బస్సెక్కే ముందు తాగిన టీయే. పెళ్ళికి పోయిన ప్రతిరోజూ అంతే. పదిమంది మగవాళ్ళ ముందు కెమెరా భుజాన వేసుకుని బాత్రూమ్ ఎక్కడని అడగడానికి సిగ్గేసి, పొద్దుటి నుంచే నోరు కట్టేసుకుంటుంది. కణతల్లో నొప్పి మొగుడి వల్ల కాదేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.

"ఫెబీ అంటే నువ్వేనా అమ్మా?"

చర్చిని ఆనుకుని ఉన్న ఇంటి గేటులో ఒక పెద్దామె నిలబడి ఉంది. పేరు కమ్రున్నీసా. "పొద్దున్నుంచి నీకోసమే గేటు దగ్గర కాచుకున్నా. రా, లోపలికి రా. ఆ పెళ్ళికూతుర్ని కూడా తీస్కరా బేటీ."

పరిచయం లేని ఇల్లు. అయినా ఫెబీ గౌను తోక చుట్టచుట్టి భుజాన వేసుకుని పెళ్ళికూతుర్ని లోపలికి నడిపించింది. పెద్ద బాత్రూమ్, గట్టి గడియ, బకెట్ నిండా నీళ్ళు. కమ్రున్నీసా నిమ్మకాయ పిండి, ఉప్పూ చక్కెరా వేసి రెండు గ్లాసులు కలిపింది. రాధాకుమారి కొంచెం కొంచెంగా తాగి లోపలికి పోయింది. తన గ్లాసు పట్టుకుని ఫెబీ అడిగింది.

"నా పేరు మీకెట్ల తెలుసమ్మా?"

"మీ ఆయన చెప్పినాడు గదా. పొద్దున్నే వచ్చినాడు. 'అత్తా, మా ఇంటామె వీడియో తీసేదానికి వచ్చింది. నోరు తెరిచి అడగదు, సిగ్గు. మీరే పిలవండి. నేను చెప్పినానని మాత్రం అనొద్దు' అన్నాడు." కమ్రున్నీసా నాలిక్కరుచుకుంది. "హాయ్ అల్లా, చెప్పేసినా!"

ఫెబీ గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. గిద్దలూరు పెళ్ళిలో ముఖం కడుక్కుందువు రమ్మని పిలిచిన పంతులమ్మ, తర్లుపాడులో పెరట్లోకి దారి చూపిన ముసలమ్మ, ఇంకా ఎంతమందో. ఈ పడమటి ఊళ్ళ ఆడవాళ్ళు ఇంత మంచివాళ్ళేమిటా అని ఆమె ఎన్నోసార్లు ఆశ్చర్యపోయింది.

"ఒకసారి పెళ్ళిళ్ళ సీజన్లో నీకు పాస్‌లో మంట, జొరం వచ్చి సెలైన్ ఎక్కించినారంట గదా" అంటోంది కమ్రున్నీసా. "నీళ్ళు తాగక అట్లయిందని డాక్టరు చెప్పినాడంట. ఇంటికొచ్చి తాగమంటే, నీకేం మగోడివి, గోడ చాలు అని గయ్యిమన్నావంట. 'దానికొక్కదానికే చెప్తే వినదత్తా. ఊరందరికీ చెప్పి పని ఆపితే, అందరితో పాటు అదీ రెండు గుక్కలు తాగుతుంది' అన్నాడు. పిచ్చోడు మాదిరున్నాడు గానీ మంచోడు బేటీ."

ఫెబీ గ్లాసు ఖాళీ చేసింది. ఇంకోటి అడిగి తాగింది.

అంతలో సువార్తమ్మ ఊడిపడింది. "నా బిడ్డ యాడ? పెళ్ళి చెడిపోతాంటే ఇక్కడ నిమ్మనీళ్ళా?" అని అరుస్తూనే బాత్రూమ్ తలుపు చూసింది. గొంతు తగ్గింది. "అది అయిపోతే... నేను కూడా ఒకసారి పోయొస్తా."

ఆమె వెనకే, జబ్బు సంగతి తేల్చుకోవడానికి పుష్పమ్మ వచ్చింది. రాధాకుమారి బయటికొచ్చింది. ముఖం కడుక్కుని, తేటపడిన కళ్ళతో, చిన్నగా నవ్వుతూ. పుష్పమ్మ ఆ పిల్లను పైకీ కిందికీ చూసింది, గ్లాసు చూసింది, తలుపు చూసింది.

"ఇదా జబ్బు?"

"ఇదే పెద్దమ్మా" అంది రాధాకుమారి.

"ఇది నాకు ముండ్లమూరు కాడి నుంచి ఉంది!" అంటూ పుష్పమ్మ సువార్తమ్మను ఒక్క తోపు తోసి లోపలికి దూరి గడియ పెట్టుకుంది. తోయించుకున్న సువార్తమ్మ తిట్టబోయి పకపకా నవ్వింది. లోపలి నుంచి కూడా నవ్వు వినపడింది. "వదినా, మా బస్సులో ఇంకా ఇరవై మంది ఆడోళ్ళున్నారు. పిలువు, పాపం!"

కబురు చర్చిలోకి పోయింది. ఒకరి వెనక ఒకరుగా ఆడవాళ్ళు లేచారు, ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ అన్న తేడా లేకుండా. కమ్రున్నీసా పెరట్లో వరుస గేటు దాకా వచ్చింది.

ఫెబీ తిరిగి వచ్చేసరికి చర్చిలో మగవాళ్ళు మాత్రమే మిగిలారు. పాస్టరుగారు తెరిచిన పుస్తకంతో అలాగే నిలబడి ఉన్నాడు. ఆనంద్ బాబు ముందు బెంచీ మీద, ఉరిశిక్ష కోసం ఎదురుచూస్తున్నవాడిలా కూర్చున్నాడు.

"పెళ్ళి ఆగిపోయిందా?" అన్నాడు మెల్లగా. "ఆడోళ్ళందరూ యాడికి పోయినారు?"

ఫెబీ చాలా చెప్పాలనుకుంది. నోరు తెరిస్తే అలవాటైన మాటే వచ్చింది.

"నీతో వేగలేను గదయ్యా!"

"ఏమైంది ఫెబీ?"

"ఏం కాలా." కెమెరా పక్కన పెట్టి ఆయన పక్కనే బెంచీ మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో పనికి పోయిన పెళ్ళిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. "వరుస శానా పెద్దదుంది. పాస్టరుగారూ, మీరు కూడా కూచోండి. ఇంకో అరగంట పడుతుంది."