పెద్దారవీడు దగ్గర గొంగడి చుట్టిన గ్యాస్ అలారం

రాష్ట్రం విడిపోయిన రెండో ఏడాది, వేసవి మొదట్లో, పెద్దారవీడు అవతలి గ్యాస్ పైప్‌లైన్ వాల్వ్ స్టేషన్‌లో అలారం పెట్టె తనంతట తానే పంపే రిపోర్టులు చూసి నాకు అనుమానం వచ్చింది. రెండు నెలలుగా గాలి కడిగిన ముత్యమట, అలారం ఒక్కసారీ మోగలేదట! గాలి కొలవడమే నా ఉద్యోగం. ఆ మాట మింగుడుపడక గ్యాస్ ఉంటే కూసే చేతి మీటరు సంచీలో పడేసుకుని బయల్దేరాను.

మార్కాపురంలో ఉదయం ఏడున్నరకు బస్సు దొరికింది. పెద్దారవీడు నుంచి ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ రెండు వందలు. "ఆడ ఏముందమ్మా సూడను? గోడా, గొర్రెలూ," అన్నాడు డ్రైవరు. నిజమే, స్టేషన్‌కు కాపలా కూడా లేదు. గోడకు ఆనించి టార్పాలిన్ గుడిసె, పక్కన వల లోపల గొర్రెలు. ఎరువు కోసం చుట్టుపక్కల రైతులు చేలల్లో మంద కట్టించుకుంటున్నారు. మంద చేను మారినా కాపరి నాగన్న, ఆయన భార్య ఓబులమ్మ మాత్రం ఆ గోడ పక్కనే ఉంటున్నారు.

"కూసో పాపా, టీ పెడతా," అంటూ ఓబులమ్మ గుడిసెలోకి వెళ్లింది. అలారం ఎక్కడని అడిగితే నాగన్న గోడ మీది మూట చూపించాడు. గ్యాస్ పసిగట్టే ఆ పెట్టెకు గాలి తగలకుండా గొంగడి చుట్టి తాడుతో బిగించేశాడు!

"ఇదేంది చిన్నాయనా?"

"ఊరికే అరుస్తాదమ్మా. గొర్రెలు బెదిరి వల తెంచుకున్నాయి. తొక్కిసలాటలో సూడిగొర్రె సచ్చిపోయింది. అందుకే ఇట్ల కట్టినా."

"గ్యాస్ వస్తుందేమో అనుకోలేదా?"

"వస్తే వాసన రాదా? మా ఇంట్లో సిలిండర్ లేదా ఏంది?"

సిలిండర్ గ్యాసుకు కలిపినట్టు ఆ లైనులో గ్యాసుకు వాసన కలపరు. ఆ సంగతి చెబుతూ మీటరు తీసి ఆన్ చేశాను. గుడిసె వైపు తిప్పగానే కీచుమంది. లోపల ఓబులమ్మ చేతిలో అగ్గిపెట్టె!

దూకి ఆమె చెయ్యి పట్టుకున్నాను. పుల్లలు నేలపాలయ్యాయి.

"ఇన్నాళ్లూ బయటే వండినా పాపా. గాలి ఎక్కువైందని నిన్న రాత్రే టార్పాలిన్ కిందిదాకా దించినాం," అంది.

అందరం దూరంగా పోయి, గేటు మీదున్న నంబరుకు ఫోన్ చేశాం. గంటన్నరకు సిబ్బంది వచ్చి కారుతున్న వాల్వు బిగించారు. గొంగడి లాగగానే, ఇంకా మిగిలిన గ్యాసుకే అలారం కేక పెట్టింది. గొర్రెలు వల తోసుకుని పరుగెత్తాయి. నాగన్న వాటి వెంట పోలేదు.

"రెండు నెలల కిందట అది అరిసింది మన కోసమేనా?" అంది ఓబులమ్మ.

నాగన్న మీద నాకు కోపం లేదు. ఆ పెట్టె ఎందుకు అరుస్తుందో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మీరూ ఇలాంటి చోటికి వెళ్తే, దూరం నుంచే మీటరు ఆన్ చేసుకుని నడవండి, పలకరింపులు తర్వాత. నేను దాన్ని సంచీలోనే ఉంచి కబుర్లకు కూర్చున్నాను. ఓబులమ్మ గీయబోయిన పుల్ల నా టీ కోసమే.