ఊగని స్టాండు

బెంజమిన్ మామ చేసిన చివరి పని, పట్నం దవాఖానలో మంచాన్ని ఊపి చూడడం. ఎక్కకముందే కడ్డీ పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు.

"ఒక కాలు పొట్టిగుంది. జర ఓ అట్టముక్క ఇయ్యమ్మా," అన్నాడు నర్సుతో.

ఆమె మందుల డబ్బా చింపి ఇచ్చింది. తానే వంగి, మడతపెట్టి కాలి కింద దోపి, మళ్లీ ఊపాడు. ఊగలేదు.

"ఇగ నిద్ర పడతది," అన్నాడు. పట్టింది. తెల్లారి లేవలేదు.

ఊపి చూడనిదే దేన్నీ నమ్మడు మా మామ. తన పెళ్లిచూపులకు పోయి, గ్లోరీ అత్తను చూడకముందు కుర్చీని చూశాడు. చర్చిలో పాస్టరు వాక్యం చెబుతుండగా పోయి ఆయన బల్లను ఊపాడు.

"గిదేంది బెంజమిన్?"

"మీరు చెప్పుండ్రి పాస్టర్ గారూ. నేను బల్లనే చూస్తున్న."

సాగర్ డ్యాము వెనక నీళ్ల ఒడ్డున ఉంటుంది మా ఊరు. ఎండాకాలం నీళ్లు తగ్గితే నడుమ గడ్డలు తేలతాయి. కాపరులు మందల్ని అక్కడికి తోలుకుపోతారు. ఓ ఏడు పై డ్యాము నుంచి నీళ్లు వదిలారని పొద్దున్నే కబురొచ్చింది. గుర్వయ్య గొర్రెలూ, అతని భార్య బీరమ్మా గడ్డ మీదే ఉన్నారు. పుట్టి పడవ పంపితే ఆమె ఎక్కలేదు. "గొర్లను ఇడిసిపెట్టి నేను రాను," అంది. మందను తేగల మోటారు బోటు మాదొక్కటే. దాని మోటారేమో చెడిపోయింది.

మామ వాకిట్లో దాన్ని రాళ్ల మీద ఆనించి విప్పబోతే జారి గుర్వయ్య పాదం పక్కనే పడింది.

"పండబెడితే పనిగాదు. బోటుకు ఏలాడినట్టే ఏలాడాలె. స్టాండు కావాలె," అన్నాడు మామ.

విరిగిన ఎడ్లబండి నొగలు కాళ్లయ్యాయి. పాత తలుపు చెక్క పైన అడ్డమైంది. మోటారు దానికే బిగించాలి. మామ రెండు చేతులా పట్టి ఊపాడు.

"ఊగుతాంది."

"ఊగనియ్యన్నా! గడ్డ మునుగుతాంది!" అరిచాడు గుర్వయ్య.

"మోటరు పడి పగిలితే గడ్డకెట్ల పోతవ్? జర ఆగు."

మేకు కొట్టాడు. ఊపాడు. ఊగింది. ఇంతలో గుర్వయ్య ఫోను మోగింది. గడ్డ మీంచి బీరమ్మ.

"నీళ్లు దొడ్డి కాడికొచ్చినయ్. పొట్టేలు బెదురుతాంది. ఏంజేస్తున్నరు మీరు?"

"బెంజమినన్న స్టాండు ఊపుతున్నడే!"

"ఇంకా ఊపుతనే ఉన్నడా!"

ఏటవాలుగా కొట్టడానికి గట్టి కర్ర లేదు. మామ ఇంట్లోకి ఉరికాడు. లోపల ఏదో దబ్బున పడింది. ఆ వెంటే గ్లోరీ అత్త తిట్లు. మామ గుండ్రటి కర్రతో బయటికొచ్చాడు.

"యాడిది మామా?"

"ఇంట్ల ఉత్తగనే ఉండె."

బిగించి ఊపాడు. స్టాండు కదల్లేదు. గుర్వయ్య ఏడుపు మొహంతోనే దండం పెట్టాడు.

మోటారు ఎక్కించి, కింద నీళ్ల డ్రమ్ములో దాని రెక్క ముంచి, పెట్రోలు సందులో ఇరుక్కున్న చెత్తంతా తీశాడు. తాడు లాగితే మోటారు దగ్గింది, మళ్లీ లాగితే పలికింది.

దాన్ని బోటుకు బిగించుకుని మేం గడ్డకు చేరేసరికి బీరమ్మ మోకాళ్ల లోతు నీళ్లలో, చంకలో గొర్రెపిల్లతో నిలబడి ఉంది. మందనంతా ఒడ్డుకు చేర్చాం. చివరి ట్రిప్పులో ఆమె బోటు అంచు పట్టుకుని, మామను చూస్తూ ఊపింది.

"ఊగుతాందన్నా."

"నీళ్ల మీద ఊగాలె చెల్లే. ఊగకుంటే మునిగినట్టు."

ఇప్పటికీ ఎవరి మోటారు చెడినా ఆ స్టాండు దగ్గరికే వస్తారు.

మామను మట్టి చేసి వచ్చిన రోజు, ఆయన పెద్ద చెక్కమంచం మీద కూర్చోబోతే ఒక్కసారిగా పక్కకు ఒరిగింది. వంగి చూస్తే మంచానికి మూడే కోళ్లు. నాలుగో మూల ఇటుకలు.

"అత్తా, మామ మంచం ఊగుతాంది!"

"ఆ కోడు నీ మోటరు స్టాండుల లేదూ?"

"కొత్తది చెక్కకపాయెనా?"

"చెక్కిండు. అంగన్‌వాడీ బల్ల ఊగుతాందని దానికి పెట్టిండు. ఇంకోటి చెక్కిండు. అది పాస్టరు బల్లకు పాయె."

"మరి ఇన్నేండ్లు దీనిమీద ఎట్ల పన్నడు?"

అత్త ముక్కు తుడుచుకుని, మంచం రెండో పక్క చేత్తో తట్టింది.

"గిటు జరిగి కూసో. గీ దిక్కు ఊగది. నన్నెప్పుడు గీడనే పండుకోమనేటోడు."