నర్సమ్మ అభిప్రాయం

రోగులెవరూ పట్టించని చెమటలు ఆపరేషన్ వార్డు నర్సమ్మకు ఇంగ్లీషు పరీక్షలో వ్యాసం పట్టించింది. అది గట్టెక్కితేనే వార్డు ఇన్‌ఛార్జి కుర్చీ. ఇప్పటికే రెండుసార్లు బోల్తా కొట్టింది. ఈసారీ తప్పితే ఆ కుర్చీ, తను చెయ్యి పట్టుకుని సూది వెయ్యడం నేర్పిన పిల్లకు పోతుంది. ఆ సంగతి తలచుకుంటేనే ఆవిడకు ఒళ్లు మండిపోతోంది.

రేపే పరీక్ష. ట్యూషన్లు చెప్పే చెల్లెలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, అక్క రాసింది చదివి తల పట్టుకుంది. నడవలేని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మంచిదా, సంరక్షణ కేంద్రంలోనా, మీ అభిప్రాయం రాయండి అన్నది ప్రశ్న.

"ఇంట్లో అయితే ఇవీ లాభాలు, కేంద్రంలో అయితే ఇవీ లాభాలు అని రాశావు. మరి నీ మాటేదక్కా?"

"నా మాటెందుకే? ఛార్టులో చూసింది రాస్తాం, అనుకున్నది రాయం. జ్వరం ఇంత, నాడి ఇంత, అంతే. కొత్తలో 'రోగి దిగులుగా ఉన్నట్టుంది' అని రాస్తే పెద్ద నర్సు అందరి ముందూ దులిపేసింది. అనుకోవడం డాక్టర్ల పనట!"

"ఇది ఛార్టు కాదు మహాతల్లీ! ఎటూ తేల్చకపోతే మార్కులు రావు. రెండుసార్లూ అందుకే పోయింది."

"నా అభిప్రాయంతో వాళ్లకేం పని? ఇంట్లోనే అడిగే దిక్కు లేదు!"

"నేను అడుగుతున్నాగా. చెప్పు."

అడగడమే ఆలస్యం, నర్సమ్మ ఇంతెత్తున లేచింది.

"కేంద్రంలోనే ఉండాలి! మా ఆయనా నేనూ పొద్దున పోయి సాయంత్రం వస్తాం. పగలంతా మా అత్తగారు ఒక్కరే. పక్కకి తిప్పే మనిషుండదు. అప్పుడే వీపు ఎర్రబడింది, రేపు పుండు పడితే? ఈయనేమో మా అమ్మ ఇంట్లోనే ఉండాలంటాడు. ఉండాలనే మనిషి ఏనాడైనా ఇంట్లో ఉన్నాడా?"

అనేసి నాలుక్కరుచుకుంది. పక్క గదిలో మంచం మీద అత్తగారు. తలుపు బార్లా తీసే ఉంది. చెల్లెలు కాగితాల్లో తల దూర్చేసింది.

"అమ్మాయ్!"

నర్సమ్మ గుమ్మం దాకా వెళ్లింది. సిగ్గుతో ఆపైన కాలు పడలేదు.

"అదే రాయి, నీళ్లు నమలకుండా," అంది అత్తగారు చిరాగ్గా. "అక్కడైతే నలుగురు మనుషులుంటారు. ఇక్కడ పొద్దస్తమానం ఆ ఫ్యానుతో మాట్లాడి చస్తున్నా. వాడు నన్ను మాత్రం అడిగాడా?"